నామాంతరము

ఇరువదియేండ్ల క్రిందటి మాట. మేము ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించి రెండేండ్లయినను నిండలేదు. ఒక పల్లెటూరి ఉన్నతపాఠశాలలో నుంటిమి. వేసవి సెలవుల పిమ్మట బడి తెరచినప్పుడు ప్రవేశపుస్తకము వ్రాయు పని మా మీద పడినది. క్రొత్తగా కొలువున చేరినవానికి అట్టి పనులే తగులును. ఒకనాటి మధ్యాహ్నము ఒక కూలిమనిషి తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చి ఆరవ తరగతిలో చేర్చుకొమ్మనెను. పేరేమని యడిగితిమి. "యాకోబండీ" అనెను. పుట్టిన తేదీకి నిదర్శన మేమి తెచ్చితివంటిమి. అతడు చొక్కాజేబునుండి నాలుగు మడతలు పెట్టిన కాగిత మొకటి తీసి యిచ్చెను. అది ఆంగ్లమున వ్రాసిన బాప్తిస్మపత్రము. అందు బాలుని పేరు జేమ్స్ అని యున్నది.

ఇది వేరొకని కాగితమంటిమి.

"కాదండీ మేష్టారూ, వీడిదే. పాస్టరుగారు ఇంగ్లీషులో అట్లా రాశారు. తెలుగులో యాకోబేనండీ."

మేము నవ్వితిమి. యాకోబును ఆంగ్లమున జేకబ్ అందురనియు, జేమ్స్ అనునది వేరు పేరనియు మాకు వచ్చిన యింగ్లీషు నతనికి బోధించితిమి. రెండు పేర్లును ఒక్కనివే యని తాసిల్దారు కచేరినుండి పత్రము తెచ్చినగాని చేర్చుకొనమని పంపివైచితిమి. అతడు మారుమాట యాడలేదు. ఆ పత్రము తెచ్చుట కతనికి పదునెనిమిది దినములు పట్టినది. ఆ దినములలో ఎన్నినాళ్ల కూలి పోగొట్టుకొనెనో మేమడుగలేదు. బాలుడు చేరునప్పటికి పాఠ్యపుస్తకముల పంపకము ముగిసిపోయెను. ఆ యేడెల్ల వాడు ప్రక్కవాని పుస్తకములోనికి తొంగిచూచుచు చదువుకొనెను.

ఆ కూలిమనిషి చెప్పినదే నిజమనియు, తప్పు మా పాండిత్యమునదే యనియు తెలియుటకు మాకు పదియేండ్లకు పైగా పట్టినది. తెలియవలెనన్న తెలుగు బైబిలులోని విషయసూచిక చూచిన చాలియుండెను. ఆంగ్లబైబిలున జేమ్స్ పత్రిక యనునది తెలుగున యాకోబు పత్రికయే. మేము సంస్కృతమును ఆంగ్లమును చదువుకొన్నవారమే గాని, మా ప్రక్కవీథిలో ప్రతి ఆదివారము చదువబడు తెలుగు గ్రంథమును తెరచి చూచినవారము కాము.

మా కన్ను తెరపించినది మరియొక చిక్కు. ప్రాచీనాంగ్లవచనపు తీరు విద్యార్థులకు చూపుటకై 1611 నాటి ఆంగ్లబైబిలును చదువుచుండగా, హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో నాలుగవ యధ్యాయమున యేసు తన ప్రజలకు విశ్రాంతి నీయలేకపోయెనను నర్థము వచ్చు వాక్యము కనబడినది. క్రైస్తవుల గ్రంథములోనే యిట్టి మాట యేమని విస్తుపోతిమి. తెలుగు బైబిలు తీసి చూడగా నచ్చట యేసు లేడు, యెహోషువ యున్నాడు. మోషే తరువాత ఇశ్రాయేలీయులను కనానుదేశమునకు నడిపించిన యా పూర్వనాయకుడే యక్కడ యుద్దిష్టుడు. ఆంగ్లానువాదకులు తప్పు చదువలేదు. గ్రీకుమూలమున ఇద్దరి పేరును ఒక్కటియే: ఇయేసూస్. 1881లో ఆంగ్లబైబిలును సంస్కరించినవారు అచ్చట జాషువా అని దిద్దిరి. ఈ యొక్క దారమును లాగగా మాకు బట్ట యంతయు విప్పవలసివచ్చినది. నలుబదవ యేట గ్రీకు అక్షరములు దిద్దుకొని, ప్రక్కన నిఘంటువు నుంచుకొని, కూడబలుకుకొనుచు చదువ మొదలిడితిమి.

హెబ్రీ పేర్లు గ్రీకులోనికి సాగివచ్చిన కథ అలెగ్జాండ్రియాలో మొదలగును. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున ఆ ఐగుప్తు నగరమున యూదులు పెక్కుమంది కాపురముండిరి. వారి పిల్లలకు హెబ్రీభాష దూరమై గ్రీకు ఇంటిభాష యైనది. కావున మోషే ధర్మశాస్త్రమును మొట్టమొదట గ్రీకున వ్రాసికొనవలసివచ్చినది. రెండవ టాలెమీ యను రాజు (క్రీ. పూ. 285-246) తన గ్రంథాలయమునకై డెబ్బదియిద్దరు పెద్దలను యెరూషలేమునుండి రప్పించి యీ పని చేయించెనని ప్రాచీనులు చెప్పుకొనిరి. కథలో కల్పన యెంతయో కలదు గాని, ఆ కాలమును ఆ స్థలమును నేటి పండితులును ఒప్పుకొన్నవే. మన చదువరులకు ఈ రాజు బొత్తిగా పరాయివాడు కాడు. అశోకుని పదుమూడవ శిలాశాసనమున ధర్మవిజయము చేరిన యవనరాజులలో వచ్చు "తురమయ" ఇతడే. హెబ్రీ పేర్లు గ్రీకువారి నోట నలుగుచున్న కాలముననే గ్రీకురాజు పేరు ప్రాకృతము నోట మొదటి హల్లును పోగొట్టుకొని మన శిలలకెక్కినది.

ఇక ఆ నలుగుట యెట్టిదో చూతము. హెబ్రీలో "ష" కలదు. గ్రీకున లేదు, ఉన్నది "స" యొక్కటే. కావున షిమ్‌షోన్ సమ్ప్సోన్ ఆయెను, షెలోమో సలోమోన్ ఆయెను. కంఠమున పుట్టు హల్లులు హెబ్రీలో నాలుగు. గ్రీకులిపిలో వానికి తగిన అక్షరములే లేవు. యేషూఅ యను పేరు చివర నొక కంఠ్యధ్వని కలదు, అది రాలిపోయినది. నడుమ "ష" సకారమైనది. తుదకు గ్రీకు పుంలింగప్రత్యయ మొకటి వచ్చి చేరినది. ఇయేసూస్ అయినది. ఆ తుదిసకారము మన "రాముడు" లోని "డు" వంటిది. అది పేరు కాదు, పేరునకు తొడిగిన చొక్కా.

ఇంతమాత్రము చదివి, గ్రీకువారు పేర్లను పాడుచేసిరి పొమ్మని గ్రంథము మూయుట సులభమే. మేమును కొంతకాల మట్లే తలచితిమి. కాని పేర్లను వరుసగా పట్టిక వేసికొన్నప్పుడు వింతయొకటి కనబడినది. ఇస్సాకు పేరునందును రాహేలు పేరునందును హెబ్రీలిపిలో నున్నది ఒక్కటే కంఠ్యాక్షరము. కాని గ్రీకున నొకచో నా యక్షరము జాడయే లేక "ఇసాక్" అని యున్నది. ఇంకొకచో ఖకారముగా మారి "రఖేల్" అని యున్నది. మరియొక కంఠ్యాక్షరముతో మొదలగు ఏశావు పేరున గ్రీకువారు దానిని విడిచిపుచ్చిరి. అదే యక్షరముతో మొదలగు గాజా పట్టణమునకు మాత్రము గకారమును చేర్చిరి. అనువాదకుల యలసత్వమా? కాదు. ప్రాచీనహెబ్రీయులు ఒక్క యక్షరముతో రెండు వేర్వేరు ధ్వనులను వ్రాసికొనుచుండిరి. చదువునప్పుడు తేడా తెలియును, వ్రాతలో తెలియదు. తరువాత ఆ రెండు ధ్వనులును హెబ్రీయుల నోటనే కలసిపోయి యొక్కటైనవి. అలెగ్జాండ్రియా యనువాదకులు చెవితో విని వ్రాసిరి గనుక ఆ భేదము గ్రీకులో నిలిచినది. అరబ్బీభాషలో ఇప్పటికిని ఈ రెండు జతలును వేర్వేరుగనే యున్నవి. ఇస్సాకు పేరునకు మూలమైన ధాతువును గాజా పేరును అరబ్బులు పలుకు తీరు ఈ గ్రీకువ్రాతకు సరిపడుచున్నది. 1982లో ఈ సంగతిని ఉదాహరణములతో విస్తరించి చూపిన పండితుని పేరు యెహోషువ బ్లావు. ఇయేసూస్ అను పేరుగలవాడే యీ లెక్క తేల్చెనని మాకు కొంచెము ముచ్చట గలిగినది.

అచ్చుల సంగతియు నిట్టిదే. హెబ్రీవ్రాతలో హల్లులే ప్రధానములు. వాని క్రిందను మీదను చుక్కలుంచి అచ్చులను స్థిరపరచిన వైయాకరణులు క్రీస్తుశకము ఏడవ శతాబ్దమునుండి పదవ శతాబ్దము వరకు నుండినవారు. వారి చుక్కల ప్రకారము మోషే యక్క పేరు మిర్యామ్. అంతకు సుమారు వేయియేండ్ల ముందటి గ్రీకున మరియామ్. మొదట నున్నది అకారమే యనియు, అది తరువాత ఇకారమైనదనియు భాషావేత్తలు నిర్ణయించినారు. మా హాజరుపట్టీలో నిప్పుడు మరియమ్మ యొకతె, మరియంబీ యొకతె యున్నారు. ఒకతె చర్చికి పోవును, ఒకతె యింట ఖురాను చదువుదురు. మూలమగు హెబ్రీగ్రంథమున నేడు కనబడని యా పాత అకారమును ఈ యిద్దరు బాలికలును ప్రతిదినము మా యెదుట "ప్రెజెంట్ సార్" అని నిలబెట్టుచున్నారు.

సంస్కృతము చదివినవాడనుటచేత గాబోలు, మాకు వీనియన్నిటికంటె నాసక్తి కలిగించినది విభక్తుల తగవు. హెబ్రీలో నామములకు విభక్తిప్రత్యయములు లేవు. గ్రీకున సంస్కృతమునందువలె ప్రతి నామమును విభక్తి తొడుగుకొననిదే వాక్యములో నడుగు పెట్టరాదు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు అను పూర్వపితరుల పేర్లు ఏ గ్రీకుశబ్దము వలెను నడువవు. వానికి తోక తగిలించుటకు అనువాదకులకు మనసొప్పలేదు. మన వ్యాకరణభాషలో చెప్పవలెనన్న వానిని అవ్యయములుగా నుంచివేసిరి. మరి ఎవడు కన్నవాడు, ఎవడు పుట్టినవాడు అని తెలియుటెట్లు? మత్తయి సువార్త తొలియధ్యాయమందలి వంశావళిలో దీనికి చేసిన యుపాయము చూడదగినది. పేరును ముట్టుకొనక, పేరునకు ముందు "తొన్" అను చిన్నమాట నుంచిరి. అది గ్రీకున ద్వితీయావిభక్తిలో నుండు విశేషకము. అబ్రాహాము కదలకుండ నిలుచును, ఇస్సాకు కదలకుండ నిలుచును. నడుమ "తొన్" పరుగెత్తి పని చక్కబెట్టును. మన "ని" పేరు వెనుక చేయు పనిని అది పేరు ముందు చేయుచున్నదన్నమాట.

కాని యా కాలపు యూదులు నిత్యవ్యవహారమున నట్టి మడి కట్టుకొనలేదు. అంగడిలో గ్రీకు మాటాడువాడు తన పేరునకును గ్రీకు తోక తగిలించుకొనెను. అందుచే క్రొత్తనిబంధనలో నీ తేడా యేర్పడినది: పూర్వకాలపు పితరుడైనచో యాకోబ్, తమ కాలమున తమ నడుమ తిరిగినవాడైనచో యాకోబొస్. పూర్వపు రాజు సఊల్, ఆ కాలపు మనిషి సౌలొస్. ఇది తప్పని నియమము కాదు, యోసేపు పేరు ఎవరికైనను తోక లేకయే యుండినది. క్రీస్తుశకము 93-94లో యూదుల పురావృత్తమును గ్రీకున వ్రాసిన జోసీఫస్ మాత్రము పితరులకును తోకలు తగిలించెను. చదువరులకు వినసొంపుగా నుండుటకై పేర్లను గ్రీకుతీరున దిద్దితిననియు, తమ భాషలో నవి యట్లుండవనియు ఆయన దాచక చెప్పుకొనెను. ఆ నిజాయితీ మాకు నచ్చినది.

ఇప్పుడు మా కూలిమనిషి కాగితమున కర్థము చిక్కినది. తోకలేని యాకోబ్ లాటినులోనికి తోక లేకయే పోయి ఆంగ్లమున జేకబ్ అయినది. తోకగల యాకోబొస్ లాటినున యాకోబుస్ అయి, జనుల నోట బకారము మకారమై యాకోముస్ అయి, ప్రాచీనఫ్రెంచివారి చేతిలో మరింత కుదించుకొని జేమ్స్ అయినది. ఒక గ్రీకుప్రత్యయము తగులుటయు తగులకపోవుటయు కారణముగా నొక్క పేరు రెండై, ఆంగ్లము నేర్చిన మా వంటివారికి రెండు వేర్వేరు జాతుల పేర్లవలె తోచినది. తెలుగు బైబిలును సిద్ధపరచినవారు ఈ రెంటిని మరల నొక్కటి చేసి ఇద్దరిని యాకోబనిరి. మేమతనిని తిప్పిన పదునెనిమిది దినములును ఒక సకారము కొఱకు తిప్పినవి.

తెలుగువారు ఎల్లయెడల నిట్లు చేసిరని కాదు. పాతనిబంధనలో మోషే, హవ్వ, యెషయా యనునవి హెబ్రీకి దగ్గరగా నుండగా, సొలొమోను, గొమొర్రా యనునవి గ్రీకుదారిన వచ్చినవి. ఇయేసూస్ ఒక్కటే గ్రీకున నుండగా తెలుగున పూర్వుని యెహోషువ యనియు తరువాతివానిని యేసనియు విడదీసిరి. విడదీయుటలో సౌకర్యము కలదు. కాని ఆ తల్లిదండ్రులు తమ బిడ్డకు, ఇరుగుపొరుగున నెందరికో యున్న పాత వీరుని పేరే పెట్టుకొనిరను సంగతి చదువరికి మరుగైపోయినది.

ధ్వని పోయిన కొంత సర్దుకొనవచ్చును. అర్థము పోవుట కష్టము. హెబ్రీ పేర్లు పెక్కు చిన్న చిన్న వాక్యములు. యెహోషూఅ యన్న దేవుడే రక్షణ యను భావము. బిడ్డకు ఆ పేరు పెట్టుడు, ఏలయన అతడు తన ప్రజలను రక్షించును అని మత్తయి సువార్తలో దూత చెప్పినప్పుడు, హెబ్రీ తెలిసినవానికి పేరును కారణమును ఒకే ధాతువుగా మ్రోగును. గ్రీకుచదువరికి ఇయేసూస్ అను ధ్వనికిని రక్షించుట యను క్రియకును నేమి పొత్తు? "ఏలయన" అను మాట యక్కడ ఏ యాధారమును లేక గాలిలో వ్రేలాడుచున్నది. అలెగ్జాండ్రియా యనువాదకులు ఈ బాధ నెరుగనివారు కారు. ఆదికాండము మూడవ యధ్యాయమున ఆదాము తన భార్యకు పేరు పెట్టి, ఆమె జీవముగలవారి కందరికి తల్లి యని కారణము చెప్పును. హెబ్రీలో హవ్వ యను పేరును జీవమను మాటయు దగ్గరి చుట్టములు. అనువాదకుడు ఇక్కడ పేరును మోసికొనిపోక అనువదించి, గ్రీకున జీవమను నర్థముగల "జోఏ" యని వ్రాసెను. కొన్ని పంక్తులు దాటి నాలుగవ యధ్యాయము మొదట మరల పేరు వచ్చునప్పటికి నతడే హెబ్రీధ్వనిని పట్టుకొనెను. ఒక్క స్త్రీకి రెండు పుటలలో రెండు పేర్లు! తాసిల్దారు కచేరిలోనైన నేమందురో. కాని ఆ తడబాటులో నొక మనస్సాక్షి యున్నదని మాకు తోచును. ధ్వని నిలిపిన నర్థము పోవును, అర్థము నిలిపిన ధ్వని పోవును. అతడు ఒకసారి దీనిని, ఒకసారి దానిని కాపాడినాడు. నవ్వు అని యర్థముగల ఇస్సాకు పేరునకు మాత్రము ఆ భాగ్యము లేదు. శారా నవ్వుట యంతయు గ్రీకున నున్నది, ఆ నవ్వే బిడ్డ పేరైన సంగతి లేదు.

తమంతట తామే పేరు మార్చుకొన్నవారును కలరు. క్రీ. పూ. 175లో యెరూషలేమున ప్రధానయాజకుడైన యేషూఅ, గ్రీకుల వీరుడగు జాసను పేరు తన పేరునకు ధ్వనిలో దగ్గరగా నున్నదని దానినే ధరించెను. దేవాలయపు నగరమున గ్రీకుతీరు వ్యాయామశాలను కట్టించినవాడితడే. షిమోన్‌లకు ఇంతకంటె సుకరమైన దారి దొరికినది. సీమోన్ అను పేరు గ్రీకులలో స్వతస్సిద్ధముగా నుండినది. చప్పిడిముక్కువాడని దాని యర్థము. దేవుడు వినెనను భావముగల పేరును చప్పిడిముక్కుతో మార్చుకొన్న సంగతి ఆ దినములలో నెవరికి స్ఫురించెనో గాని, పేతురు నందరును సీమోననుచుండగా అపొస్తలుల కార్యముల పదునైదవ యధ్యాయమున యెరూషలేము సభలో యాకోబు మాత్రము ఆయనను పాతతీరున సుమెయోన్ అని పేర్కొనినట్లు వ్రాయబడినది. ఇంటిమనిషి యింటిపలుకు.

అట్టిదే మరియొకటి కలదు. దమస్కు మార్గమున సౌలునకు వెలుగు కనబడి స్వరము వినబడిన కథ ఆ గ్రంథమున మూడు తావుల వచ్చును. కథకుడు తన వాక్యములలో నతనిని సౌలొస్ అని తోకతో పిలుచును, తరువాత పౌలొస్ అనును. కాని ఆకాశమునుండి వచ్చిన స్వరము మాత్రము మూడు తావులను, రెండేసి మారులు, "సఊల్" అని తోక లేక పిలుచుచున్నది. ఆ స్వరము హెబ్రీభాషలో పలికెనని యిరువదియారవ యధ్యాయమున స్పష్టముగా చెప్పబడినది. మార్చుకొన్న వేషములన్నిటి వెనుక తల్లి పెట్టిన పేరెట్లు పిలువబడునో వ్రాసినవాడు ఎరుగును. తెలుగున సౌలు సౌలే. ఆ భేదము మనకు రాలేదు.

రెండేండ్ల క్రిందట పరీక్షల పర్యవేక్షణకై ఆ పాతయూరికి పోవలసివచ్చినది. పాఠశాలలో ప్రవేశపుస్తకము తెప్పించి చూచితిమి. మా చేతివ్రాతతోనే "జేమ్స్ ఉరఫ్ యాకోబు" అని యున్నది. ఉరఫ్ అను మాటను ఠాణాలో దొంగల పేర్ల నడుమ వ్రాయుదురు. దానినే పదకొండేండ్ల బాలునికి వ్రాసితిమి. సాయంకాలము బస్సు కొఱకు నిలిచియుండగా ఆ తండ్రి కనబడెను. ముసలివాడైనాడు. కొడుకు హైదరాబాదులో కరెంటుపని చేయుచున్నాడని చెప్పెను. మేము జరిగినదానికి క్షమింపుమని వేడి, గ్రీకుసంగతి యంతయు, సకారముతో సహా, అతనికి వివరించితిమి. బస్సు వచ్చువరకు నోపికతో వినెను.

"మేం అప్పుడే చెప్పాం గదండీ" అనెను. పిమ్మట కొంచెమాలోచించి, "అయితే మేష్టారూ, తాసిల్దారుగారి ఆ కాగితం ఇంక దాచక్కర్లేదాండీ? వాడి ఆధారులో జేమ్స్ అని పడింది, రేషన్ కార్డులో యాకోబని ఉంది" అనెను.

దాచియుంచుడని చెప్పి బస్సెక్కితిమి.